బర్మింగ్‌హామ్ పాత సినిమా హాళ్లు, బజారు వీధులు: పేరు కాదు, జాగాను పట్టుకోండి

మీరు అడిగినవి రెండు. అమ్మాయిని చూడ్డానికి బర్మింగ్‌హామ్ వెళ్తున్నారు, ఊరు తిరగడానికి రెండు రోజులున్నాయి, అక్కడి పాత సినిమా హాళ్లు, బజారు వీధుల చరిత్ర ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చూడాలన్నది ఒకటి. ఇప్పుడు కొట్టుగానో, బింగో (మన హౌసీ ఆట) హాలుగానో, ఫంక్షన్ హాలుగానో నడుస్తున్న భవనం ఒకప్పటి సినిమా హాలేనని ఎలా పోల్చుకోవాలన్నది రెండోది. ఈ రెండూ విడదీస్తే అర్థం కావు. ఆ ఊళ్లో సినిమా హాలూ బజారూ ఒకే జాగా కోసం నూరేళ్లు పోటీ పడ్డాయి. ఒకచోట హాలు కొట్లయింది, ఇంకోచోట బడి హాలయింది, మరోచోట రోడ్డొచ్చి హాలునూ కొట్లనూ కలిపి మింగేసింది. అందుకే హాలు పేరు పట్టుకుని వెతికితే దారి తప్పుతారు. ఆ జాగా ఎవరిది, లీజు ఎన్నేళ్లకిచ్చారు, గడువెప్పుడు తీరింది? ఈ మూడూ తెలిస్తే మిగతా చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

మొదటి రోజు పొద్దున్నే పికడిలీ ఆర్కేడ్‌కి వెళ్లండి. న్యూ స్ట్రీట్ రైల్వే స్టేషన్ నుంచి నడిచి పోయేంత దగ్గర. ఇటు న్యూ స్ట్రీట్, అటు స్టీఫెన్‌సన్ స్ట్రీట్, వాటి మధ్య కప్పు వేసిన సందు, రెండు పక్కలా చిన్న చిన్న కొట్లు. న్యూ స్ట్రీట్ వైపు నుంచే లోపలికి నడవండి. నేల కిందికి దిగుతూ పోతుంది. మెట్లు కావు, వాలు. ఇది 1910లో ‘పిక్చర్ హౌస్’ అనే సినిమా హాలుగా మొదలైంది. వెనక వరసలవాళ్లకు ముందువాళ్ల తలలు అడ్డు రాకూడదని హాలు నేలను తెర వైపు వాలుగా వేస్తారు కదా, 1920ల మధ్యలో కుర్చీలూ తెరా తీసేసి కొట్ల సందుగా మార్చినప్పుడు ఆ వాలు అలాగే ఉండిపోయింది. అసలు అక్కడ ఊరి నేల కూడా స్టేషన్ వైపు దిగుతుంది కాబట్టి దాన్ని చదును చేసే అవసరం ఎవరికీ రాలేదు. ఒక్క నిమిషం ఆగి కొట్ల గడపలు చూడండి. వాలు మీద గడప మట్టంగా ఉండాలంటే ఎగువ పక్క నేలకు ఆనాలి, దిగువ పక్క కొంచెం లేవాలి. ఆ తేడాయే సినిమా హాలు వాలు. సీలింగు మీది బొమ్మలు చూసి పాతకాలంవని మోసపోకండి, అవి 1980ల చివర్లో వేసినవి.

పదిహేనేళ్లు నడిచిన హాలును ఎందుకు మార్చారంటారా? న్యూ స్ట్రీట్‌లాంటి వీధిలో డబ్బు తెచ్చేది వీధి ముఖం. సినిమా హాలుకు ముఖం ఒక తలుపంత ఉంటే చాలు, కడుపు మాత్రం పెద్దది కావాలి. కొట్లకు అడుగడుగునా ముఖం కావాలి. రెండు వీధులను కలిపే సందు తెరిస్తే, ఒక్క తలుపున్న జాగాకు రెండు వైపులా అద్దె వచ్చే మలిగెలు పుట్టుకొస్తాయి. ఊరి నడిబొడ్డున ఏ హాలు బతికింది, ఏది పోయిందనేది చాలాసార్లు ఈ లెక్క మీదే తేలింది.

అక్కణ్ణుంచి స్టేషన్‌కి రెండో పక్కనున్న స్టేషన్ స్ట్రీట్‌కి రండి. 1909 డిసెంబర్ 27న ‘ఎలక్ట్రిక్ థియేటర్’ తెరిచింది ఇక్కడే. తేదీని గుర్తుంచుకోండి. ఆ తర్వాత నాలుగైదు రోజులకే, 1910 జనవరి 1న, బ్రిటన్‌లో సినిమాటోగ్రాఫ్ చట్టం అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా ఖాళీ కొట్టు దొరికితే తెర కట్టి, వెనక బల్ల మీద ప్రొజెక్టర్ పెట్టి ఆట ఆడించేవాళ్లు. అప్పటి ఫిల్ము నైట్రో సెల్యులోజు. అంటుకుంటే తనలోంచే ఆక్సిజన్ పుట్టించుకుని మండుతుంది, నీళ్లలో ముంచినా ఆరదు. పక్కనే బొగ్గు కడ్డీల మధ్య ఆర్క్ దీపం వెలుగుతూ ఉంటుంది. రీలు ఒక్క క్షణం ఇరుక్కుని గేటులో, అంటే దీపం ముందు ఫ్రేమ్ నిలిచే చట్రంలో, ఆగితే చాలు, ఆ ఫ్రేమ్ అంటుకునేది. కొత్త చట్టం ప్రకారం ప్రొజెక్టర్‌కి నిప్పంటని గది విడిగా కట్టాలి, దాని తలుపు దానంతటదే మూసుకోవాలి, తెర వైపు కంతలకు పడిపోయే షట్టర్లుండాలి, లోపల నీళ్ల బకెట్లు, ఇసుక, తడి దుప్పటి ఉంచాలి, లైసెన్సు స్థానిక కౌన్సిల్ ఇవ్వాలి. కొట్లో నడిపే ఆటలు ఇక్కడ ఆగిపోయాయి. తర్వాత నాలుగైదేళ్లు ఊరూరా హాలు కోసమే కట్టిన భవనాలు లేచాయి. మన దగ్గర థియేటర్ యజమానులు ‘బి ఫారం’ అనే లైసెన్సు ఉంది చూడండి, అగ్నిమాపక నిబంధనలు చూసుకుని స్థానిక అధికారి అనుమతివ్వాలన్న ఆ ఆలోచన తీగ లాగితే ఇక్కడికే వస్తుంది. 1918లో బ్రిటిష్ ఇండియాలో వచ్చిన సినిమాటోగ్రాఫ్ చట్టం ఈ దారిలోదే.

ఫిల్ము సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. సెల్యులాయిడ్‌కి పూర్వీకుడైన పార్కెసీన్ అనే పదార్థాన్ని కనిపెట్టిన అలెగ్జాండర్ పార్క్స్ ఈ ఊరివాడే. 1862 లండన్ ప్రదర్శనలో దాన్ని జనం ముందు పెట్టాడు. బొత్తాలు, దువ్వెన పిడులు చేయడానికి పనికొస్తుందని అప్పటి ఆశ.

ఎలక్ట్రిక్ దగ్గరికే మళ్లీ వద్దాం. పేరుతో వెతికితే ఏమవుతుందో ఈ హాలు చెబుతుంది. 1909లో ఎలక్ట్రిక్, తర్వాత సెలెక్ట్, 1937లో కొత్త ముఖంతో టాట్లర్ న్యూస్ థియేటర్, ఆపైన జేసీ, క్లాసిక్, టివోలి, 1993లో మళ్లీ ఎలక్ట్రిక్. న్యూస్ థియేటర్ అంటే వార్తా చిత్రాలు, కార్టూన్లు కలిపి గంటసేపు తిప్పే హాలు. స్టేషన్ పక్కన ఎందుకు పెట్టారో చెప్పనక్కర్లేదు, రైలు కోసం ఎదురుచూసేవాడే ప్రేక్షకుడు. జేసీ అన్నది ఊరి పేరో మనిషి ఇంటిపేరో కాదు, ఈ ఊళ్లో చాలా హాళ్లు నడిపిన జోసెఫ్ కోహెన్ పొడి అక్షరాలు. దేశంలో ఇంకా ఆడుతున్న హాళ్లలో అతి పాతది మాదేనని చెప్పుకున్న ఈ హాలు 2024 ఫిబ్రవరి 29న మూతపడింది. కారణాల్లో ముందు వినిపించింది 88 ఏళ్ల లీజు గడువు. 2024లోంచి 88 తీసేయండి, 1930ల నడుమ తేలుతుంది. సరిగ్గా టాట్లర్‌గా తిరగ్గట్టిన రోజులు. జాగాను పట్టుకోమన్నది ఇందుకే. ఆ భవనం మీద నాకు అభిమానం ఎక్కువ, దాచుకోను. ఆ వీధిలో నిలబడి చూస్తే ఒకవైపు 1913 నాటి రెపర్టరీ థియేటర్ కూడా కనిపిస్తుంది. ఇంత చిన్న వీధిలో నాటకం, సినిమా ఇలా పక్కపక్కనే మిగలడం ఇంగ్లండ్ నగరాల నడిబొడ్డున అరుదు.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే సఫోక్ స్ట్రీట్. అక్కడ 1865లో కుక్కల ప్రదర్శనల కోసం కర్జన్ హాల్ అనే పెద్ద భవనం కట్టారు. 1901 నుంచి 1912 దాకా వాలర్ జెఫ్స్ అనే ప్రదర్శకుడు ఏటేటా అక్కడ సినిమాలు వేశాడు. ఊళ్లోని జనాన్నే ఫిల్ము తీసి వాళ్లకే చూపించేవాడు, తమను తాము చూసుకోవడానికి టికెట్ కొనేవాళ్లు. ఆ చోటే 1925లో వెస్ట్ ఎండ్ సినిమా అయింది, 1960ల చివర్లో పడగొట్టారు. ఇప్పుడు అక్కడ చూడ్డానికేమీ లేదు, నడక మిగుల్చుకోండి.

మళ్లీ న్యూ స్ట్రీట్‌లోకి వస్తే ఓడియన్ అని పిలిచిన పెద్ద హాలుంది. 1937 సెప్టెంబర్ 4న ‘పారమౌంట్’గా తెరిచారు, కుర్చీలు 2,439. నడి వీధిలో అంత పెద్ద జాగా ఎలా దొరికింది? అక్కడ 1830ల్లో ఛార్లెస్ బ్యారీ గీసిన కింగ్ ఎడ్వర్డ్ స్కూలు భవనం ఉండేది. స్కూలు 1936లో ఎడ్జ్‌బాస్టన్‌కి తరలిపోయింది, పాత భవనం కూల్చారు, ఆ నేల మీద హాలూ కొట్లూ ఆఫీసులూ లేచాయి. 1552లో పెట్టిన బడి, నాలుగు శతాబ్దాల జాగా, ఒక్క తరలింపుతో సినిమా చేతికి వచ్చింది. 1942లో పేరు ఓడియన్ అయింది. 1910 నాటి పిక్చర్ హౌస్ ముఖాన్నీ దీని ముఖాన్నీ పోల్చి చూడండి. పాతికేళ్లలో హాలు అంటే ఏమిటన్నదే మారిపోయింది.

అదే వీధిలో కొంచెం దూరం నడిస్తే ఊల్‌వర్త్స్ కోసం కట్టిన పెద్ద భవనం కనిపిస్తుంది. దాని కింద థియేటర్ రాయల్ జాగా ఉంది, నాటకశాలను 1956లో మూసి కూల్చారు. కింగ్ ఎడ్వర్డ్ జాగాలో బడి పోయి సినిమా వచ్చింది, ఇక్కడ రంగస్థలం పోయి చిల్లర సామాన్ల కొట్టు వచ్చింది. ఒకే వీధి, ఇరవై ఏళ్ల తేడా.

ఇక కార్పొరేషన్ స్ట్రీట్. బర్మింగ్‌హామ్ బజారు చరిత్రలో దీనికి మించింది లేదు, కాస్త నిదానంగా చదవండి. జోసెఫ్ ఛాంబర్లిన్ 1873 నుంచి 1876 దాకా మేయరు. 1875లో పార్లమెంటు చేసిన కార్మికుల ఇళ్ల మెరుగు చట్టం కింద ఊరి మధ్యనున్న ఇరుకు వాడలను కార్పొరేషన్ కొనేసింది. 1878లో వాటి మధ్య నుంచి పారిస్ తరహా వెడల్పు వీధి కొట్టడం మొదలైంది. చట్టం పేరు కార్మికుల ఇళ్లది, కట్టింది మాత్రం షాపులు. ఖాళీ చేయించిన పేదలకు అక్కడ ఇళ్లు రాలేదు, ఈ లోటును మెచ్చుకోలు రాతలు చాలామటుకు దాటేస్తాయి. అసలు కిటుకు భూమిలో ఉంది. కార్పొరేషన్ ఆ స్థలాలు అమ్మలేదు, 75 ఏళ్ల లీజుకిచ్చింది. కట్టడం ఖర్చు వ్యాపారిది, గడువు తీరాక నేలతో పాటు భవనం కూడా కార్పొరేషన్‌ది. 1880కి 75 కలపండి, 1955. సరిగ్గా అప్పుడే కార్పొరేషన్ చేతికి వీధి మొత్తం ఒక్కొక్క ముక్కగా తిరిగి వచ్చింది. 1950ల్లో, 60ల్లో ఇక్కడ ఎర్ర టెర్రకోట భవనాలు అన్ని ఎందుకు పోయాయని చాలామంది రెండో ప్రపంచ యుద్ధపు బాంబుల మీద నెపం వేస్తారు. కొన్ని బాంబులకు పోయిన మాట నిజమే, ఎక్కువ పోయింది గడువు తీరిన లీజులకే. బుల్ స్ట్రీట్ మూలలో ర్యాకమ్స్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరు కొత్త భవనం ఆ రోజుల్లో లేచిందే. దానికి పోటీగా 1885 నుంచి నడిచిన లూయిస్‌స్ 1991లో మూతపడింది.

అక్కణ్ణుంచి టెంపుల్ రో, కోల్‌మోర్ రో అనే వీధుల మధ్యనున్న గ్రేట్ వెస్టర్న్ ఆర్కేడ్‌లోకి వెళ్లండి. 1876లో తెరిచారు, గీసింది డబ్ల్యూ.హెచ్. వార్డ్. కాళ్ల కింద ఏముందో గుర్తు చేసుకుంటూ నడవండి: రైలు. స్నో హిల్ స్టేషన్‌కి వెళ్లే రైలు దారి లోతైన కోతలో పోయేది, ఆ కోతకు పైకప్పు వేసి దాని మీద ఈ కొట్ల వీధి కట్టారు. నేలే లేని చోట నేల పుట్టించి అద్దెకివ్వడం అంటే ఇదే. యుద్ధంలో బాంబు దెబ్బకు పైకప్పు చాలా పోయింది, కింది కొట్ల ముఖాలు, పైన గ్యాలరీ కమ్మీలు మాత్రం చూడదగ్గవి. ఇది సినిమా హాలు కాదు, అయినా పికడిలీ ఆర్కేడ్ చూసిన రోజే దీన్నీ చూడాలి. కొట్ల కోసమే పుట్టిన సందులో నేల మట్టంగా ఉంటుంది, గ్యాలరీ రెండు పక్కలా సమానంగా సాగుతుంది. హాలు మార్చిన సందులో ఆ సమానత్వం ఉండదు.

చివరికి బుల్ రింగ్. 1166లో పీటర్ డి బర్మింగ్‌హామ్ సంత పెట్టుకోవడానికి రాజు దగ్గర హక్కు తెచ్చుకున్నాడు. ఊరు ఊరైంది ఆ సంత వల్లే. 1835లో కట్టిన మార్కెట్ హాల్ 1940 ఆగస్టులో బాంబుల మంటలకు లోపలంతా కాలిపోయింది, పైకప్పు లేకుండానే ఏళ్ల తరబడి అందులో బేరాలు సాగాయి. తర్వాత వచ్చిన రెండు మార్పులను కలిపి చూడాలి. ఒకటి ఇన్నర్ రింగ్ రోడ్డు. నగర ఇంజనీరు హెర్బర్ట్ మాన్జోని పథకం, పనులు 1957లో మొదలై 1971లో ముగిశాయి. రెండోది 1964లో తెరిచిన బుల్ రింగ్ సెంటర్, కప్పు కింద కట్టిన బజారుకు బ్రిటన్‌లో తొలినాటి నమూనా. రోడ్డు నడిబొడ్డుకు కాంక్రీటు కంకణంలా బిగుసుకుంది. సంత వైపు వెళ్లాలంటే నడిచేవాళ్లు భూమి కిందున్న సబ్‌వేల్లో దిగి ఎక్కాలి. పిల్లల బండి, చక్రాల కుర్చీ, నిండు సంచీ ఉన్నవాళ్లు మెట్లు చూసి వెనక్కి తిరిగేవాళ్లు. లోపల పగటి వెలుగు లేదు, అంతస్తులు అయోమయం, పై అంతస్తు కొట్లకు జనం ఎక్కలేదు. వీధి మీద నడిచే మనిషి చూపులో కొట్టు పడకపోతే కొట్టు చస్తుంది, ఆ తప్పు కాంక్రీటులో పోశారు. 2000లో కూల్చివేత మొదలైంది, 2003 సెప్టెంబర్ 4న కొత్త బుల్‌రింగ్ తెరిచారు. ఈసారి చేసిన పెద్ద పని భవనం కాదు, హై స్ట్రీట్ నుంచి సెయింట్ మార్టిన్ చర్చి దాకా నడవా తిరిగి నేల మీదికి తేవడం. సెల్ఫ్రిడ్జెస్ అనే డిపార్ట్‌మెంట్ స్టోరు మీద మెరిసే 15,000 అల్యూమినియం బిళ్లలను అందరూ ఫొటో తీస్తారు. మీరు చర్చి దగ్గర నిలబడి వెనక్కి, పైకి చూడండి. ఆ వాలే పాత సంత వీధి.

రింగ్ రోడ్డు తిన్న హాళ్లలో స్కాలా ఒకటి. స్మాల్‌బ్రూక్ స్ట్రీట్‌లో 1914 నుంచి ఆడిన పాత స్కాలా 1960లో పోయింది, కొత్త రోడ్డు మీద 1964లో ‘స్కాలా సూపరామా’ వచ్చింది, తర్వాత అదే ఓడియన్ అయి 1988లో మూతపడింది. అంటే 1970ల నాటి పత్రిక ప్రకటనల్లో నడి ఊళ్లో ఓడియన్‌లు రెండున్నాయి. న్యూ స్ట్రీట్ అని రాశారా, రింగ్‌వే (కొత్త రోడ్డు) అని రాశారా చూసుకోకపోతే మీ నోట్సు మొత్తం తారుమారవుతుంది.

రెండో రోజు ఊరి బయటి పేటలకు పెట్టుకోండి. ఓడియన్ అనే పేరు పుట్టింది లండన్‌లో కాదు, ఇక్కడే. ఆస్కర్ డాయిచ్ 1893లో బర్మింగ్‌హామ్‌లోని బాల్సల్ హీత్‌లో పుట్టాడు, తండ్రి హంగరీ నుంచి వచ్చిన యూదు పాత ఇనుము వ్యాపారి. 1930లో పెరీ బార్‌లో తెరిచిన హాలుకు తొలిసారి ఓడియన్ అని పేరు పెట్టాడు. అప్పుడది అరబ్బు శైలి తెల్లటి ముఖంతో ఉండేది, ఇప్పుడు ఆ ముఖం లేదు. కింగ్‌స్టాండింగ్ పేటలోని ఓడియన్ (1935) మాత్రం తప్పకుండా చూడాల్సింది. హ్యారీ వీడన్ అనే ఊరి ఆర్కిటెక్టు ఆఫీసులో సెసిల్ క్లేవరింగ్ అనే కుర్రవాడు గీశాడు. రౌండ్ అబౌట్ పక్కన, లేత రంగు మెరుగు పెంకుల గోడ, దాని మీంచి నిట్టనిలువుగా పైకి లేచిన మూడు సన్నని రెక్కలు. చుట్టూ ఉన్నది కౌన్సిల్ కట్టిన పెద్ద కాలనీ, జనం వచ్చేది బస్సులో, కాబట్టి కదిలే బస్సు కిటికీలోంచి అర కిలోమీటరు ముందే హాలు కనిపించాలి. రెక్కల పని అదే. రాత్రి నియాన్ గీతలు వెలిగితే భవనమే ప్రకటన బోర్డు. 1937 నాటికి డాయిచ్ దగ్గర ఓడియన్‌లు 250 దాకా ఉన్నాయి. 1941లో చనిపోయాడు, ఆ హాళ్ల గొలుసంతా సినిమా వ్యాపారి జె. ఆర్థర్ ర్యాంక్ చేతికి పోయింది. వీలైతే సటన్ కోల్డ్‌ఫీల్డ్ ఓడియన్ (1936) కూడా చూడండి, రెండూ గ్రేడ్ II రక్షిత భవనాలు. ఈ గ్రేడు ఉంటే కూల్చరని అనుకోవద్దు. మార్చడానికి, కూల్చడానికి విడిగా అనుమతి తీసుకోవాలన్నదే దాని అర్థం.

హాళ్లు ఎప్పుడు, ఎందుకు మూతపడ్డాయో రెండు అంకెలు చాలు. 1946లో బ్రిటన్ మొత్తంలో అమ్ముడైన టికెట్లు 163 కోట్ల పైచిలుకు. 1984లో దాదాపు 5.4 కోట్లు. టీవీ కారణమన్న మాటకు బర్మింగ్‌హామ్‌లో కళ్లకు కట్టే సాక్ష్యముంది. 1956లో ఆస్టన్‌లోని అస్టోరియా సినిమా హాలును వాణిజ్య టీవీ స్టూడియోగా మార్చారు, గోస్టా గ్రీన్‌లోని డెలీషియా హాలును అంతకు ఏడాది ముందే బీబీసీ తీసుకుంది. స్తంభాల్లేని పెద్ద నేల, ఎత్తైన కప్పు, చప్పుడు బయటికి పోని మందపు గోడలు స్టూడియోకి కావాలి, అవన్నీ సినిమా హాల్లో సిద్ధంగా ఉన్నాయి. 1960 నాటి జూద చట్టం 1961లో అమల్లోకి వచ్చి బింగో ఆట డబ్బుకు ఆడే వీలు కలిగాక, అదే పెద్ద నేల బింగోకి సరిపోయింది. కింగ్‌స్టాండింగ్ 1962లోనే బింగోకి వెళ్లింది. బింగో వచ్చి హాళ్లను చెడగొట్టిందనే మాట న్యాయం కాదు. 1930ల లోపలి అలంకరణ ఈపాటికైనా మిగిలిందంటే చాలాచోట్ల ఆ అద్దె చలవే.

మన వాళ్ల సినిమా కూడా ఈ ఖాళీ హాళ్లలోనే అడుగుపెట్టింది. 1950ల తర్వాత పంజాబ్, గుజరాత్, పాకిస్తాన్‌ల నుంచి వచ్చినవాళ్లు హాలు అద్దెకు తీసుకుని హిందీ ఆటలు వేశారు. స్పార్క్‌బ్రూక్‌లో స్ట్రాట్‌ఫర్డ్ రోడ్డు మీద పికడిలీ అనే 1930 నాటి హాలు అలా చాలాకాలం నడిచి, ఇప్పుడు విందుల హాలైంది. ఇంటింటికీ వీడియో వచ్చాక ఆ ఆటలు ఆగాయి. మన ఊళ్లలో టాకీసులు కల్యాణ మండపాలైన దారే అది. స్తంభాల్లేని హాలు, పెద్ద ముంగిలి, బళ్లు నిలిపే జాగా, ఎక్కడైనా లెక్క ఒకటే. ఈ పికడిలీ వేరు, న్యూ స్ట్రీట్ ఆర్కేడ్ వేరు, కలిపెయ్యకండి. ఈమధ్య తెలుగు ఆటలు పడేవి మల్టీప్లెక్సుల్లో. 2000లో నెచెల్స్‌లో 30 తెరలతో తెరిచిన స్టార్ సిటీ ఆ తరహా, అది బజారు వీధిని వదిలి మోటార్‌వే పక్కకు పోయిన సినిమా.

ఇక పోల్చుకోవడం. వీధి ముఖం చూడొద్దు, అది ఎన్నిసార్లయినా మారుతుంది. పక్క సందులోకి వెళ్లండి. పొడుగాటి గోడకు పైన కిటికీల్లేకపోతే, కింద రెండు మూడు చోట్ల లోపలి నుంచి తోసే జంట తలుపులుంటే, వాటి ముందు రెండు మెట్లో ర్యాంపో ఉంటే అవి ఆట విడిచినప్పుడు జనాన్ని వదిలే తలుపులు. ముందు వైపు పైకి చూస్తే, అటక ఎత్తులో చిన్న గదీ, దానికి బయటి నుంచి ఇనుప నిచ్చెనో విడి మెట్లో ఉంటే అది ఆపరేటర్ రూమ్. చట్టం దానికి హాల్లోంచి కాకుండా విడి దారి ఉండేలా తోసింది. వీధి ముఖం సన్నగా ఉండి వెనక కప్పు ఒక్కసారిగా వెడల్పైతే అనుమానం బలపడుతుంది. 1930ల హాళ్లకు రెండు పక్కలా ఒకే శైలిలో మలిగెలు, పైన వాటాలు ఉండటం మామూలు, ఆ అద్దె హాలు అప్పు తీర్చడానికి. చర్చీలూ, నాటకశాలలూ కూడా గుడ్డి గోడలతో ఉంటాయి. తేడా వెనక గోడలో ఉంది. నాటకశాలకు వేదిక పైన తెరలు ఎత్తే పెద్ద బురుజు తప్పనిసరి, సినిమాకే కట్టిన హాలుకు అక్కర్లేదు. కానీ 1930ల పెద్ద హాళ్లలో ఆటకు ముందు పాటలు, నాట్యాలు కూడా పెట్టేవాళ్లు కాబట్టి చిన్న బురుజు ఉండొచ్చు. ఒక్క గుర్తు చూసి తేల్చెయ్యకండి, కనీసం మూడు కలవాలి.

లోపలికి వెళ్లే వీలుంటే 1970ల్లో మూడు ముక్కలు చేసిన హాలా అని చూడండి. బాల్కనీ ముందంచు నుంచి కిందికి గోడ దించి, బాల్కనీ కింది భాగాన్ని మధ్యలో చీల్చి రెండు చిన్న హాళ్లు చేసేవాళ్లు. బాల్కనీ మాత్రం పాత తెరనే చూస్తుంది. చవకలో అయ్యే పని, తప్పులూ అక్కడే. మధ్య గోడ పల్చన కాబట్టి పక్క హాలు పేలుళ్లు ఈ హాలు ప్రేమ సన్నివేశంలో వినిపించేవి. చిన్న హాళ్లకు ప్రొజెక్టర్ కంత నడుమకు కుదరక బొమ్మ ఒక పక్కకు వంకరగా పడేది.

కాగితాల్లో వెతకడం ఈ వరసలో చేయండి. ముందు పాత పటం: మైలుకు 25 అంగుళాల ఆర్డినెన్స్ సర్వే షీట్లు స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఉచితంగా, ఇప్పటి పటం పక్కన పెట్టి చూడొచ్చు. 1910ల షీట్లలో ‘పిక్చర్ థియేటర్’ అని, తర్వాత వాటిల్లో ‘సినిమా’ అని రాసి ఉంటుంది. అది దొరికాక కెల్లీస్ డైరెక్టరీలు, వీధి వారీగా తలుపు నంబర్ల వరసలో ఎవరు ఉన్నారో ఇస్తాయి. ఒకే నంబరును ఐదేళ్లకోసారి చూసుకుంటూ పోండి. వీధికి కొత్త నంబర్లు వేసిన సందర్భాలుంటాయి, కాబట్టి నంబరుతో పాటు రెండు పక్కల అడ్డ సందుల పేర్లూ రాసుకోండి, అవి మారవు. మూడోది ‘కినెమటోగ్రాఫ్ ఇయర్ బుక్’, ఏటేటా ఊరి వారీగా హాళ్ల జాబితా, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలా సంపుటాలున్నాయి. ఒక్కో హాలుకు రెండు మూడు లైన్లే, కానీ యజమాని, కుర్చీలు, తెర ముందటి కమాను వెడల్పు, టికెట్ ధరలు, సౌండ్ పరికరం అన్నీ ఉంటాయి. బీటీహెచ్, డబ్ల్యూ.ఈ., ఆర్‌సీఏ అన్నవి పరికరాల కంపెనీలు. హాలు పేరు పక్కన ఆ మాట మొదటిసారి కనిపించిన సంపుటం మాటల సినిమా వచ్చిన కాలాన్ని సుమారుగా పట్టిస్తుంది. ధర ‘9డి నుంచి 1/3’ అని ఉంటే తొమ్మిది పెన్నీల నుంచి ఒక షిల్లింగ్ మూడు పెన్నీల దాకా అని. షిల్లింగ్‌కి 12 పెన్నీలు, పౌండుకి 20 షిల్లింగ్‌లు. చవక టికెట్ తెర ముందుది, ఖరీదైంది బాల్కనీది, మన నేలా బాల్కనీ లాగే. ఇయర్ బుక్ అచ్చయ్యే నాటికి సమాచారం ఏడాది పాతదని మరిచిపోకండి, ఒక హాలు మూతపడ్డాక కూడా ఒక సంపుటంలో నడుస్తూనే ఉంటుంది.

కట్టడం ప్లాన్లు చూడాలంటే సెంటెనరీ స్క్వేర్‌లోని లైబ్రరీ ఆఫ్ బర్మింగ్‌హామ్‌లో ఆర్కైవ్ విభాగం ఉంది. పని వేళలు తక్కువ, ముందే సమయం తీసుకోవాలి, గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి, పెన్ను కాదు పెన్సిలు పట్టుకెళ్లండి. హాలు పేరుతో అడిగితే ‘లేదు’ అంటారు, ఎందుకంటే ప్లాను దాఖలయ్యేటప్పటికి హాలుకు పేరు పెట్టి ఉండకపోవచ్చు. వీధి పేరు, ఏ అడ్డ సందుల మధ్య, దరఖాస్తు ఏడాది, తెరిచిన ఏడాదికి ఒకటి రెండేళ్ల ముందు, అలా అడగండి. మీకున్న రెండు రోజుల్లో ఇది ఆదివారం పడకుండా చూసుకుని, కింగ్‌స్టాండింగ్ బస్సు ఆ మధ్యాహ్నానికి పెట్టుకోండి.